మోజేల మస్లా

పోయిన నెల ఒక జుమేరాత్ రాత్రి పదింటికి దేవరుప్పుల నుంచి ఆపా ఫోన్ చేసింది. ఆ టైమ్‌కి ఊరి నుంచి ఫోన్ వస్తే నాకు ముందు అమ్మీ యాదికొస్తుంది, దిల్ ధక్‌మంటుంది. "సబ్ ఖైరియత్?" అని నేను అడిగే లోపే, "గుడియాను ఇంటర్వ్యూకు పిలిచిండ్రు. సోమవారం. హైదరాబాద్‌ల" అంది. మాషాఅల్లా అన్నాను. ఆపా గొంతు తగ్గించింది. "ఫోన్ల మెసేజ్ వచ్చింది. ఆఖరు లైన్ల ఫార్మల్ డ్రెస్, క్లోజ్డ్ షూస్ అని రాసిండ్రు. క్లోజ్డ్ షూస్ అంటే లోపట మోజే ఏసుకోవచ్చు గదా?"

గుడియా ఆపా కూతురు, నా భాంజీ. బీకాం కంప్యూటర్స్ చదివింది. రెండేళ్ళుగా ఒకవైపు సర్కారీ పరీక్షలు రాస్తోంది, ఇంకోవైపు ప్రైవేటు నౌకరీలకు అప్లై చేస్తోంది. ఈసారి పిలిచింది ఒక ప్రైవేటు సంస్థ. ఫ్రంట్ ఆఫీసులో బిల్లింగ్ పని. తన్హా 18,000. పిల్ల ఏం చదువుకుని పోవాలి, వాళ్ళేం అడుగుతారు అని ఆపా అడగలేదు. మోజేల గురించి అడిగింది. నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం భయమేసింది. ఎందుకంటే మోజేలు, ఇంటర్వ్యూ అనే రెండు మాటలు నా జిందగీలో ఒకసారి కలిశాయి. అప్పుడు నేను ఒక ఝూట్ ఆడాను. అది ఇంట్లో ఎవరికీ తెలియదని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

మర్నాడు జుమ్మా. హన్మకొండ నుంచి జనగామ పోయి, అక్కడ సూర్యాపేట రోడ్డు బస్సెక్కాను. నేను చేరేసరికి మగవాళ్ళు నమాజ్ నుంచి వచ్చారు, దస్తర్‌ఖాన్ పరిచారు. అన్నం సగంలో ఉండగానే పంచాయితీ మొదలైంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పంచాయితీ జరిగే ఉంటుంది, పేర్లు మార్చుకుని చదువుకోండి.

దుల్హేభాయ్ మాట: బుర్ఖా తీసేది లేదు, తీయమంటే ఆ నౌకరీయే వద్దు. గల్ఫ్‌లో తొమ్మిదేళ్ళు ఉండి వచ్చిన మా భాయ్ మాట: నఖాబ్ తీసెయ్, మొహం కనిపించాలె, మిగతాది ఉంచు, వాళ్ళకు కావాల్సింది మొహమే. అమ్మీ మాట: ఏదైనా చెయ్యండి, మోజే మాత్రం ఉండాలె. ఫుఫు అన్నిటికన్నా పెద్ద మాట అంది: "నౌకరీ దేనేవాలే పాఁవ్ దేఖ్‌కు దేతే క్యా? పాఁవ్ దేఖ్‌కు తో రిష్తే దేతే!" అందరం నవ్వాం. గుడియా నవ్వలేదు. గోడకు ఆనుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గంటసేపు ఆమె ఒంటి మీద తల నుంచి కాళ్ళ దాకా ఏది ఎక్కడ ఉండాలో తేల్చుతున్నాం. ఆమెను ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

పాదాల గురించి కొంచెం చెప్పాలి. మన వైపు చాలా ఇళ్ళలో బుర్ఖా అంటే కింద నల్ల మోజే కూడా కలిపే లెక్క. చెప్పుల్లో బొటనవేలు దూరడానికి మోజాను ముందు నుంచి నొక్కి గుంట చేసుకుంటాం. ఆ అలవాటు చూస్తే చాలు, ఈమె మన మనిషి అని బస్సులో తెలిసిపోతుంది. దీన్‌లో ఇది అంత ఖచ్చితమైన హుకుమేనా అంటే, మనం నడిచే హనఫీ ఫిఖ్‌లోనే పాదాల మీద రెండు మాటలున్నాయి. పాదాలు సతర్‌లో రావు అన్న మాటా ఉంది, వస్తాయన్న మాటా ఉంది. మిగతా మజ్హబుల్లో ఎక్కువమంది కప్పుకోవాలనే అన్నారు. ఉలమా వందల ఏళ్ళు మాట్లాడుకున్న విషయం ఇది. అమ్మీకి ఈ బహస్ తెలియదు. ఆమెకు వాళ్ళ అమ్మీ చెప్పింది, ఆమె మాకు చెప్పింది. నేను దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. అమ్మీ మోజేలు ఉతికి, జోడు తప్పకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టే తీరులో ఎంత మొహబ్బత్ ఉందో నాకు తెలుసు.

చిక్కుళ్ళు ఒలవడం అయ్యాక గుడియా చాటను పక్కన పెట్టింది. "ఖాలా, పరీక్ష కాడ ఏమైందో వీళ్ళకు నేను చెప్పలే. ఇప్పుడు చెప్తా" అంది.

2023 జులై 1న గ్రూప్-4 పరీక్ష. సర్వీస్ కమిషన్ పరీక్షలకు చెప్పులతోనే రావాలి, బూట్లు వద్దు. కాపీ కొట్టే సామాను బూట్లలో దాస్తారని. బాగుంది, గుడియా చెప్పులే వేసుకుపోయింది, లోపల నల్ల మోజే. గేటు దగ్గర తనిఖీ చేసే ఆవిడ కిందికి చూసి, "సాక్సులు తియ్యి" అంది. మోజే బూట్లు కావు కదా మేడం అంటే, "తియ్యి, లేట్ చెయ్యకు, వెనక లైనుంది" అంది. పక్కకు పోయి తీసుకునే జాగా లేదు. గేటు పక్కన మెట్టు మీద కూర్చుని, మగపిల్లల లైను చూస్తుండగా తీసింది. పొద్దున కురిసిన వానకు అవి తడిసి ఉన్నాయి. పెట్టడానికి చోటు లేక ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అందరి బ్యాగులు పడేసిన చెట్టు కింద పెట్టింది. "పేపర్ రాసినంత సేపు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కొని కూర్చున్న ఖాలా. సీక్రెటేరియల్ ఎబిలిటీ సవాళ్ళు చదువుతుంటే నా బొటనవేలే కనపడుతుండె."

బయటికొచ్చి చూస్తే కవరు చిరిగి ఉంది, ఒక్క మోజానే ఉంది. రెండోది కుక్క ఎత్తుకపోయింది. ఇంటికొచ్చి అమ్మీకి "తడిసినయి, పడేసిన" అని చెప్పింది.

అంటే ఆమె కూడా ఝూట్ ఆడింది. ఖాందానీ రోగం!

ఆ గేట్లు మన కోసమే ప్రత్యేకంగా పెట్టినవి అనుకునేవాళ్ళకు ఒక మాట. 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రోజు ఆదిలాబాద్‌లో హిందూ అక్కచెల్లెళ్ళతో గాజులు, మంగళసూత్రాలు తీయించారని వీడియోలు తిరిగాయి. వాటి పక్కన బుర్ఖా బొమ్మ పెట్టి, వాళ్ళను పంపి వీళ్ళను ఆపారు చూడండి అని మతం పూసినవాళ్ళూ ఉన్నారు. మంగళసూత్రం తీసి చేత్తో పట్టుకున్న ఆ తల్లి, మెట్టు మీద కూర్చుని మోజే తీసిన నా భాంజీ ఒకే లైన్లో నిలబడ్డవాళ్ళు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే బాగుండేది. మాట్లాడుకోనియ్యరు.

నీట్‌లో కనీసం ఒక రివాజ్ ఏర్పడింది. 2015లో అప్పటి మెడికల్ ఎంట్రెన్స్ పేపర్ లీకై, సుప్రీంకోర్టు రద్దు చేసి మళ్ళీ పెట్టమంది. ఆ రెండో పరీక్షకు ఒంటి మీద ఏముండాలి అనే దాని మీద కొత్త హుకుంలు వచ్చాయి. కేరళలో ఇద్దరు ముస్లిం ఆడపిల్లలు హైకోర్టుకు పోతే, తలకు స్కార్ఫ్, పూర్తి చేతుల బట్టలతో రాయొచ్చు, అరగంట ముందు వచ్చి తనిఖీకి ఒప్పుకోవాలి అని చెప్పింది. ఇప్పుడు నీట్ నిబంధనల్లోనే మజ్హబీ లిబాస్ వేసుకునేవాళ్ళు ముందుగా రావాలని ఉంటుంది. ముందుగా రండి అనే రెండు మాటలతో తీరే మస్లా అది. 2021 ఆఖర్లో ఉడుపిలో ఒక కాలేజీలో మొదలైన హిజాబ్ గొడవ మాత్రం ఎక్కడిదాకా పోయిందో తెలిసిందే. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు పిల్లలకు వ్యతిరేకంగా చెప్పింది, అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు వేరు మాటలు చెప్పారు. ఆ పిల్లల చదువు సంవత్సరం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

సర్కారీ పరీక్ష గేటు దగ్గర చెప్పులుండాలి, బూట్లు వద్దు, మోజే తీయాలి. ప్రైవేటు ఆఫీసుకు బూట్లుండాలి, చెప్పులు వద్దు. ఇంట్లో ఏదైనా సరే, మోజే ఉండాలి. రెండే పాదాలు, ముగ్గురు మాలిక్‌లు.

మా ఇలాఖాలో కాళ్ళకు ఏముండాలో హుకుం ఇచ్చే రివాజ్ కొత్తది కాదు. మా దాదీ చెప్పేది: గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు తీసి చేత్తో పట్టుకోవాలి. ఎండాకాలం అయినా సరే. దొర కనపడకపోయినా సరే, గడి గోడకు కళ్ళుంటాయి. విసునూరు దేశ్‌ముఖ్ జమానా అది. జనగామ నుంచి వచ్చేటప్పుడు కామారెడ్డిగూడెం దగ్గర రోడ్డు పక్కన షేక్ బందగీ సమాధి కనిపిస్తుంది. తన జమీన్ కోసం ఆ దేశ్‌ముఖ్ మీద అదాలత్‌లో లడాయి చేసినందుకు 1940లో ఆయన్ను చంపేశారు. ఆ తర్వాత ఆరేళ్ళకు, 1946 జులై 4న, ఇదే మండలంలోని కడవెండిలో దొడ్డి కొమరయ్యకు తూటా తగిలింది. బస్సు అక్కడికి రాగానే దాదీ కిటికీలోంచి చూసి ఫాతిహా చదివేది. అప్పుడు ఆమె కాళ్ళకు రబ్బరు చెప్పులుండేవి. మోజే ఉండేవి కావు. దాదీ జిందగీలో మోజే తొడుక్కోలేదు. ఆమె కాలంలో పొలం పనికి పోయే ముస్లిం ఆడవాళ్ళు ఎవరు తొడుక్కున్నారు? ఈ మాట ఆ రోజు ఫుఫు ముందు అనలేదు, ఇక్కడ అంటున్నాను.

గుడియా మెట్టు సంగతి చెప్పాక ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆపా కళ్ళు తుడుచుకుంది. గుడియా నా వైపు తిరిగి, "మీరు పేపర్ ఆఫీసుకు ఇంటర్వ్యూకు పోయినప్పుడు ఏం ఏసుకున్నరు ఖాలా?" అంది.

అమ్మీ అక్కడే ఉంది, తస్బీహ్ చేతిలో. ఇంకో గదిలోకి పోయి చెబుదామా అనుకున్నాను. పోలేదు.

2003 మే. కాకతీయలో తెలుగు ఎం.ఏ. చేసి ఏడాదైంది. ఒక తెలుగు దినపత్రిక జిల్లా ఆఫీసులో డెస్కు పనికి రమ్మన్నారు. నానీమా ఇంట్లో ఉండి ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత పట్టుబట్టి తెలుగు తీసుకున్న పిల్లను నేను. రిష్తేదారులంతా "తెలుగు చదివి ఏం చేస్తవు" అన్నవాళ్ళే. అందుకని ఆ ఇంటర్వ్యూ నాకు ఒక్క నౌకరీ కోసం కాదు. అమ్మీ బుర్ఖా ఇస్త్రీ చేసి ఇచ్చింది. మోజే తీయను అని వాదా తీసుకుంది. బుర్ఖా గురించి వాదా అడగలేదు. అది తీస్తాననే ఖయాల్ ఆమెకు రాలేదని అనుకున్నాను.

క్లాస్‌మేట్స్ ముందే చెప్పారు, బుర్ఖాతో పోతే లోపలికి కూడా రానియ్యరని. అందులో నిజమెంతో నాకు ఈ రోజుకీ తెలియదు, ఎందుకంటే నేను చూడలేదు. హన్మకొండ బస్టాండ్‌లో లేడీస్ టాయిలెట్‌లోకి పోయాను. కింద నీళ్ళు. గోడకు కొక్కెం లేదు. బ్యాగు పళ్ళతో పట్టుకుని, ఒక కాలి మీద నిలబడి, కింద తగలకుండా బుర్ఖా తీసి నాలుగు మడతలు పెట్టి బ్యాగులో కుక్కాను. చున్నీ తల మీదికి లాక్కున్నాను, మళ్ళీ భుజం మీదికి వేసుకున్నాను. రెండు మూడు సార్లు అటూ ఇటూ. బయటికొచ్చి రిక్షా ఎక్కితే గాలి మెడకు తగిలింది. హాయిగా ఉందో షరం అనిపించిందో తేల్చుకోలేకపోయాను.

ఇంచార్జ్ నా పేరు చూసి, "ఇది ఉర్దూ పేపర్ కాదమ్మా" అన్నాడు. తెలుగు ఎం.ఏ. అండి అన్నాను. ఒక వార్త ఇచ్చి తిరగరాయమన్నాడు. రాశాను. చదివి, అద్దాలు పైకి జరిపి, "ణలు ళలు అన్నీ సరిగ్గా పడ్డాయే!" అన్నాడు. మెచ్చుకోలే అది, మంచి మనిషే. తర్వాత చాలా నేర్పించాడు. అంతా అయ్యాక లేవబోతుంటే నా కాళ్ళ వైపు చూశాడు. గులాబీ రంగు చెప్పులు, వాటిలో నల్ల మోజే.

"మే నెలలో మేజోళ్ళేంటమ్మా?"

ఒక్క క్షణం. అమ్మీ వేసుకోమంది అనొచ్చు. మా దాంట్లో అలా వేసుకుంటాం అనొచ్చు. ఆ గదిలో ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్ళూ చూస్తున్నారు.

"ఎలర్జీ సార్. డాక్టర్ వేసుకోమన్నాడు."

ఆయన పాపం నిజంగానే బాధపడ్డాడు. వేపాకు నూరి కొబ్బరినూనెలో కలిపి రాయమన్నాడు. నౌకరీ ఇచ్చాడు, నెలకు 2,500. ఆ తర్వాత వారానికొకసారైనా, అందరిలో, "ఎలర్జీ తగ్గిందామ్మా?" అని అడిగేవాడు. తగ్గుతోంది సార్ అనేదాన్ని. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంకో మాట, దానికింకో మాట. డాక్టర్ పేరు కూడా కల్పించాను. ఏడాది తర్వాత ఒక రోజు మోజే లేకుండా పోయాను. దీన్ గురించి ఆలోచించి తీసిన నిర్ణయం కాదది. "తగ్గిందా?" అనే సవాల్‌తో తంగ్ వచ్చి. ఆయన చూసి, "తగ్గిందన్నమాట!" అన్నాడు సంతోషంగా. సీటు దగ్గర కూర్చుని చాలాసేపు తల ఎత్తలేదు. నా అమ్మీ చేతులతో మడత పెట్టిన మోజే ఆ ఆఫీసులో ఒక బీమారీ అయిపోయాయి. ఆ బీమారీ పేరు పెట్టింది నేనే.

ఇదంతా గుడియాకు చెప్పాను. చెప్పేటప్పుడు అమ్మీ వైపు చూడలేదు.

అమ్మీ తస్బీహ్ ఆపింది. "మాలూమ్ థా ముజే" అంది.

"ఏం మాలూమ్?"

"బుర్ఖా. ఒంటి మీదున్న బుర్ఖాకు నాలుగు మడతల గీతలు ఎట్ల పడ్తయి? ఇస్త్రీ చేసి పంపింది నేనే గదా."

22 ఏళ్ళు! అడగలేదేం అమ్మీ అంటే, "నువ్వు చెప్పలే, నేను అడగలే. నౌకరీ వచ్చింది గదా" అంది, మళ్ళీ తస్బీహ్ తిప్పింది. కాసేపాగి, "ఎలర్జీ సంగతి మాత్రం ఎరుక లేదు" అంది. ఆ మాటలో నొప్పి ఉంది. బుర్ఖా తీసినందుకు లేని నొప్పి అది.

ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. లిబాస్ గురించి ఇంట్లో ఇంత బహస్ చేస్తాం. బుర్ఖా ఉండాలా వద్దా, నఖాబా హిజాబా, మోజేనా ఉత్త కాళ్ళా. ఏది వేసుకున్నా ఆ పిల్ల ఎవరో ఒకరికి ఝూట్ చెప్పే పరిస్థితి మాత్రం మార్చం. ఇంట్లో వాళ్ళకు ఒక ఝూట్, ఆఫీసులో ఇంకోటి. నన్నడిగితే బుర్ఖా తీసి పోయిన పిల్లా, వేసుకుపోయిన పిల్లా ఇద్దరూ మంచి పిల్లలే. బస్టాండ్ టాయిలెట్‌లో ఒక కాలి మీద నిలబడాల్సి వచ్చిన పిల్ల గురించే నా ఫికర్.

ఇక తీస్తే నౌకరీ వస్తుందనే భాయ్ మాట. 2022లో లెడ్ బై ఫౌండేషన్ అనే సంస్థ ఒక పని చేసింది. ఒకే చదువు, ఒకే అనుభవం రాసి రెండు రెజ్యూమేలు తయారుచేసింది. ఒకదాని మీద ప్రియాంకా శర్మ, ఇంకోదాని మీద హబీబా అలీ. ఫొటోలు లేవు. వెయ్యి నౌకరీలకు రెండూ పంపింది. ప్రియాంకకు 208 చోట్ల నుంచి పిలుపొచ్చింది, హబీబాకు 103 చోట్ల నుంచి. హబీబా బుర్ఖా వేసుకుందో జీన్స్ వేసుకుందో వాళ్ళెవరూ చూడలేదు. పేరే చూశారు. భాయ్‌కి ఇది చెబితే, "అంటే ఏం చేసినా ఫాయిదా లేదంటవా?" అన్నాడు. లేదనలేదు. 103 చోట్ల పిలిచారు కూడా కదా. ఆ 103లో ఒకటి గుడియాది అనుకుందాం అన్నాను. కానీ పేరు దగ్గరే సగం తలుపులు మూసేవాళ్ళ కోసం కాళ్ళ దాకా విప్పుకుంటూ పోతే, చివరికి విప్పడానికి పేరే మిగులుతుంది.

అమెరికాలో సమంతా ఎలాఫ్ అనే 17 ఏళ్ళ పిల్ల 2008లో బట్టల దుకాణంలో ఇంటర్వ్యూకు పోయింది, నల్ల స్కార్ఫ్‌తో. ఇంటర్వ్యూలో స్కార్ఫ్ గురించి ఆమె ఒక్క మాట అనలేదు, వాళ్ళూ అడగలేదు. మార్కులు బాగానే వేశారు. తర్వాత పైఅధికారి, తల మీద ఏదీ ఉండకూడదని మా రూల్ అని వద్దన్నాడు. ఏడేళ్ళు కేసు నడిచింది. నాకు మజ్హబీ అవసరం ఉందని ఆమె చెప్పలేదు కాబట్టి మా తప్పు లేదు అని కంపెనీ వాదన. 2015 జూన్ 1న అమెరికా సుప్రీంకోర్టు 8-1తో ఆ వాదన చెల్లదంది. ఆమె నోటితో చెప్పిందా లేదా కాదు, ఆ అవసరం తప్పించుకోవడానికే నౌకరీ ఇవ్వలేదా అన్నదే చూడాలంది. ఆ పిల్ల ఖామోష్‌గా కూర్చుంది, ఎలర్జీ అనలేదు. నేను చాలాసార్లు ఆమె గురించి అనుకుంటాను. మన దగ్గర రాజ్యాంగంలోని 15, 16 అధికరణలు సర్కారును పట్టి ఆపుతాయి. ప్రైవేటు ఆఫీసులో మజ్హబ్ చూసి నౌకరీ ఇవ్వకపోతే పట్టుకుని పోవడానికి అలాంటి పూర్తి చట్టం లేదు.

శనివారం గుడియాను తీసుకుని జనగామ బజారుకు పోయాను. నల్ల బెల్లీ షూస్ 450 రూపాయలకు దొరికాయి. దుకాణదారు వాటితో పాటు సన్నని, ఒంటి రంగు నైలాన్ మోజే చూపించాడు. ఆఫీసులకు మేడమ్‌లు ఇవే తీసుకుంటారు అన్నాడు. తెచ్చి ఇంట్లో చూపిస్తే ఫుఫు చెయ్యి లోపలికి దూర్చి చూసి, "చెయ్యంతా కనపడుతుంది. తొడుక్కోనట్టు కనపడాలంటే తొడుక్కునుడు ఎందుకు?" అంది.

ఫుఫుకు తెలియదు గానీ, ఈ సవాల్ ఇంగ్లండ్ పార్లమెంటు దాకా పోయింది. 2015 డిసెంబర్‌లో లండన్‌లో నికోలా థార్ప్ అనే ఆమెను రిసెప్షన్ పనికి మొదటి రోజే వెనక్కి పంపారు, ఎత్తు మడమల బూట్లు వేసుకోలేదని. ఆమె అర్జీ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు. పార్లమెంటు కమిటీ 2017 జనవరిలో రిపోర్టు ఇచ్చింది. ఆ పనిలో పెట్టిన ఏజెన్సీ రూల్స్‌లో ఆడవాళ్ళ మోజేలు ఎంత పలుచగా ఉండాలో కూడా ఉంది, 15-20 డెనియర్ అని. అక్కడ కాళ్ళు కప్పాలి, కప్పినట్టు కనపడకూడదు. ఇది చెబితే ఫుఫు, "వాళ్ళకూ ఫుఫులు ఉన్నరన్నట్టు" అంది.

ఆ రాత్రి గుడియా తనే చెప్పింది, ఎవరి వైపూ చూడకుండా. "బస్సుల బుర్ఖా ఏసుకుంట. ఆఫీసుల రిసెప్షన్ కాడ తీసి మడత పెట్టుకుంట, అందరి ముందల్నే. టాయిలెట్ల కాదు. స్కార్ఫ్ ఉంటది. మోజే నావి, నల్లయి, కాటన్‌వి. అడిగితే మా ఇంట్ల ఏసుకుంటం అని చెప్త." దుల్హేభాయ్ ఏదో అనబోతే అమ్మీ ఆయన గ్లాసులో చాయ్ పోసింది. ఆయన చాయ్ తాగాడు.

సోమవారం ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో. ఆపా తోడు పోయింది, బయట కూర్చుంది. లోపల ఇద్దరున్నారట, ఒక మేడం, ఒక సార్. ట్యాలీ మీద అడిగారు, జీఎస్టీ మీద అడిగారు. మేడం అడిగింది, "కస్టమర్ల ముందు కూడా స్కార్ఫ్‌తోనే ఉంటారా?" అని. "ఉంటానండి. చదివింది దీంతోనే, పనీ దీంతోనే చేస్తా" అందట గుడియా. కాళ్ళ వైపు ఎవరూ చూడలేదు. ఫుఫుకు ఈ సంగతి చెబితే, "మై బోలీ నా!" అని రెండు రోజులు ఊరంతా తిరిగింది.

నాలుగు రోజులకు ఫోనొచ్చింది. నౌకరీ ఇస్తారు. ఫ్రంట్ ఆఫీసులో కాదు, లోపల అకౌంట్స్‌లో. ఫ్రంట్ ఆఫీసుకు వేరే ప్రొఫైల్ చూస్తున్నారట. తన్హా 16,000.

ఇంట్లో మళ్ళీ పంచాయితీ. దుల్హేభాయ్‌కి ఇది ఖుషీ, లోపల కూర్చోవడమే మంచిది, పర్దా పర్దా అవుతుంది. భాయ్‌కి గుస్సా, ఆ 2,000 స్కార్ఫ్ రేటు అన్నాడు. అమ్మీ, రిజ్ఖ్ అల్లా చేతిలో ఉంది, ముందు చేరనియ్యి అంది. నాకైతే భాయ్ మాటే నిజమనిపించింది, కానీ గట్టిగా అనలేదు. ఆ 2,000 కోసం 16,000 పోగొట్టుకో అని నేను ఎవరికి చెప్పగలను, 2,500 కోసం బీమారీ తెచ్చుకున్నదాన్ని.

గుడియా రాత్రి నాకు వీడియో కాల్ చేసింది. "ఖాలా, లోపల పనికే పోత. గని పని ఎక్కువ, తన్హా తక్కువ ఎందుకో అడుగుత. ఎట్ల రాయాలె?" ఇద్దరం కూర్చుని ఇంగ్లిష్‌లో ఈమెయిల్ రాశాం. నేను ఐదు లైన్లు చెబితే ఆమె మూడుకు తగ్గించింది. అకౌంట్స్ పని బాధ్యత ఎక్కువ కాబట్టి మొదట చెప్పిన 18,000 ఇవ్వగలరా అని. స్కార్ఫ్ మాట అందులో లేదు. పెట్టాలా అని నేనడిగాను. "వాళ్ళకు తెలుసు గదా" అంది.

జవాబు ఇంకా రాలేదు. ఈ ఆదివారం ఆమెకు ఇంకో సర్కారీ పరీక్ష ఉంది. నిన్న హాల్ టికెట్ ఫొటో పంపింది. కింద సూచనల్లో ఒకదాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది: చెప్పులతోనే రావాలి. దాని కింద తనే రాసింది: ఈసారి గట్టి కవర్ తీసుకుపోతున్న.